స్లైడు పెట్టె తెరవకముందే

జువాలజీ డిగ్రీ చదివినవాళ్లని కోడి పిండం గురించి అడిగితే చాలామంది పొదిగిన గంటలు అప్పజెప్తారు: 18, 24, 33, 48, 72. మొదటి స్లైడులో ప్రిమిటివ్ స్ట్రీక్ అనే గీత, 33లో గొట్టంలా ఉన్న గుండె, 72కి కాళ్ల మొలకలు. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటే ఆ ప్రాక్టికల్ అయిపోయినట్టే.

బొమ్మలు గీయించడాన్ని నేను తప్పుపట్టను. వెన్ను పొడవునా ఏర్పడే సోమైట్ల జతలు లెక్కపెడుతూ గీస్తే పిండం వయసు పట్టుకోవడం వస్తుంది. పొదిగే వేడి కాస్త తగ్గినా ఎదుగుదల వెనకబడుతుంది కాబట్టి గంటల లెక్క నిలకడైంది కాదు. పిండశాస్త్రవేత్తలు హాంబర్గర్, హామిల్టన్ 1951లో కోడి పిండానికి 46 దశలు నిర్ణయించింది ప్రధానంగా ఆకారాన్ని చూసే.

కానీ స్లైడులో కదలిక ఉండదు. మాకు ఒక మేడమ్ గుడ్డు పగలగొట్టి చూపించారు. ఫారం గుడ్డు పనికిరాదు, అందులో పిండమే ఉండదు. పుంజుతో కలిసి తిరిగే నాటుకోడి గుడ్డు కావాలి. 38 డిగ్రీల దగ్గర రెండు రోజులు దాటేదాకా ఉంచి, గోరువెచ్చని సెలైన్‌లోకి వంచారు. పచ్చసొన మీద సన్నటి రక్తనాళాల అల్లిక, మధ్యలో కొట్టుకుంటున్న గుండె. దానికి ఇంకా ఒక్క నరమూ చేరలేదు. రక్తం పారకముందే ఆ కొట్టుకోవడం మొదలైందని మేడమ్ చెప్పాక, ఆ కణాలకి లయ ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

హిల్డే మాంగోల్డ్ ప్రయోగం అప్పటికి మాకు రెండు మార్కుల జవాబు. కణం ఏం చెయ్యాలో ఎక్కడ తేలుతుందన్న ఆ ప్రశ్నతో మళ్లీ చదివితే వేరేగా కనిపించింది. పిండశాస్త్రవేత్త స్పేమాన్ దగ్గర డాక్టరేట్ చేస్తూ ఆమె, లేతరంగు న్యూట్ పిండంలో బ్లాస్టోపోర్ (కణాలు లోపలికి మడతపడే రంధ్రం) పైపెదవి ముక్క తీసి, ముదురురంగు జాతి పిండానికి పొట్టవైపు అతికించింది. అక్కడ రెండో పిండం లేచింది. దాని నాడీగొట్టంలో ఎక్కువ కణాలు ముదురురంగువే. అంటే పొట్ట చర్మం కావాల్సిన కణాల చేత ఆ ముక్క నాడీగొట్టం కట్టించింది. రెండు రంగులు ఎంచుకోకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు. పేపరు వచ్చిన 1924లోనే ఆమె అగ్నిప్రమాదంలో చనిపోయింది. 1935లో నోబెల్ స్పేమాన్‌కి దక్కింది.

సజీవ పిండాన్ని చూపడానికి పెద్ద ఖర్చేం లేదు. ఇంక్యుబేటర్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉంటుంది. గుడ్డు పగలగొట్టేటప్పుడు కొందరు పిల్లలు బాధపడతారు. ఆ బాధని తీసిపారెయ్యకూడదు. అందుకే ఒక్క గుడ్డు చుట్టూ పదిమందిని నిలబెట్టి, ఆ ఒక్కదాన్నే నిదానంగా చూడనివ్వాలి. అదీ పరీక్షల ముందు కాదు, సెమిస్టర్ మొదటి వారంలోనే.