‘ఉప్పు నగరాలు’: చమురు, సింహాసనం, విశ్వాసం

అబ్దుల్ రహ్మాన్ మునీఫ్ (1933–2004) సౌదీ తండ్రికి అమ్మాన్‌లో జన్మించాడు. బెల్‌గ్రేడ్‌లో చమురు ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ పొంది, ఆ రంగంలోనే పనిచేశాడు. రాజకీయ కారణాల వల్ల సౌదీ పౌరసత్వాన్ని కోల్పోయాడు. 1984 నుంచి వెలువడిన అతని అయిదు సంపుటాల అరబ్బీ నవల ‘ఉప్పు నగరాలు’ సౌదీ అరేబియాలో నిషేధానికి గురైంది. నవలలో దేశం పేరు లేదు; పాలకులు మాత్రం పోల్చుకున్నారు.

మొదటి సంపుటం వాదీ అల్ ఉయూన్ అనే ఒయాసిస్సులో ఆరంభమవుతుంది. నీటికోసం వచ్చారనుకొన్న అమెరికన్లను ముత్‌ఇబ్ అల్ హథ్ధాల్ తొలినుంచీ శంకిస్తాడు. యంత్రాలు ఖర్జూర వృక్షాలను కూల్చిన నాడు ఒంటెనెక్కి అదృశ్యమౌతాడు. తరువాతి కథ హర్రాన్ అనే రేవుపట్టణంలో సాగుతుంది. అక్కడ అమెరికన్లది ఒక ఊరు, బ్యారకుల్లో మగ్గే కార్మికులది మరొక ఊరు. గల్ఫ్ వలసలపై వచ్చిన తెలుగు కథలు చదివినవారికి ఈ విభజన కొత్తగా తోచదు.

ఇందులో వ్యక్తి కన్న సమూహమే కనిపిస్తుందనీ, ఇది నవలగా నిలవదనీ 1988లో జాన్ అప్‌డైక్ ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణ నిలవదు. ముత్‌ఇబ్ నిష్క్రమణ తరువాత నాయకస్థానం ఖాళీగా ఉండటం నిర్మాణలోపం కాదు. ఒయాసిస్సు నశించడంతో అటువంటి మనిషి నిలబడే చోటే లేకుండా పోయింది. అమితావ్ ఘోష్ 1992లో ఈ నవలను చమురు సాహిత్యంగా గుర్తించి చర్చించడం ఇంతకంటె సార్థకమైన పఠనం.

మత చిత్రణ మరింత సంక్లిష్టమైనది. అమెరికన్లు ఉదయాన చేసే వ్యాయామాన్ని ఒయాసిస్సు ప్రజలు ప్రార్థనగా భావిస్తారు. ఇది హాస్యమే, కాని దాని అడుగున భయముంది. అయితే మొదటి సంపుటంలో మతం ప్రధానంగా సామాన్యుల సందేహంగానే మిగులుతుంది. సింహాసనానికి ధార్మిక ఆమోదమిచ్చే ఉలేమాల పాత్ర అంత బలంగా రూపుకట్టదు. 1979 నవంబరులో మక్కా మసీదును జుహైమాన్ అనుచరులు ఆక్రమించినప్పుడు, లోపల బలప్రయోగానికి రాజు ఉలేమాల ఫత్వాను పొందవలసి వచ్చింది. ఆ నెలలోనే చమురు నిక్షేపాలున్న తూర్పు ప్రాంతంలో, ఖతీఫ్‌లో షియాలు తిరగబడ్డారు. చమురు సంస్థ కార్మికుల్లో షియాల సంఖ్య గణనీయం. అయినా హర్రాన్ కార్మికుల సమ్మెలో ఆ భేదం ప్రధానాంశం కాదు. వర్గసంఘర్షణను స్పష్టంగా చూపాలన్న ఆసక్తి వల్ల మునీఫ్ దీనిని పక్కన పెట్టి ఉండవచ్చు. అది నవలకు నష్టమే.

రెండవ సంపుటం కథను రాజాస్థానానికి తీసుకుపోతుంది. దాని పేరు ‘అల్ ఉఖ్దూద్’, అంటే కందకం. విశ్వాసులను అగ్నికందకంలో దహించినవారిని ఖురాన్ 85వ సూరా ఈ మాటతోనే శపిస్తుంది. ధర్మరక్షకులమని చెప్పుకొనే రాజవంశపు కథకు మునీఫ్ ఈ పేరు పెట్టాడు.