‘అవకాశం ఉంది’ అంటే ఎంత?

1951 మార్చిలో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ తమ ప్రభుత్వ పెద్దలకు ఒక అంచనా నివేదిక పంపింది. సోవియట్ కూటమి ఆ ఏడాది యుగోస్లావియా మీద దండెత్తుతుందా అన్నది అందులోని ప్రశ్న. దాడిని ‘సీరియస్ పాసిబిలిటీ’గా చూడాలని నివేదిక తేల్చింది. ఆ అంచనాల విభాగంలో షెర్మన్ కెంట్ అనే ఆయన ఉన్నాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. కొద్ది రోజులకు విదేశాంగ శాఖ అధికారి ఒకరు ఆయన్ను కలిసినప్పుడు, ఆ మాటకు మీ లెక్క ఎంత అని అడిగారు. నూటికి 65 పాళ్లు దాడి జరుగుతుందనే తన ఉద్దేశమని కెంట్ చెప్పాడు. అధికారి ఉలిక్కిపడ్డాడు. ఆయనా ఆయన సహచరులూ అంతకంటే చాలా తక్కువే అనుకున్నారు మరి. కెంట్ వెనక్కి వెళ్లి తన బృందంలో ఒక్కొక్కరినీ అడిగాడు. అదే వాక్యాన్ని చర్చించి ఒప్పుకున్న వాళ్లలో ఒకరి లెక్క 20 శాతం, మరొకరి లెక్క 80 శాతం. వాళ్లకు కుదిరిన ఏకాభిప్రాయం మాట దగ్గరే ఆగిపోయింది, విషయం దాకా రాలేదు.

ఇంగ్లిష్ రాతలో సందేహం చెప్పడానికి మాటలకు కొదవ లేదు. మే, మైట్, కుడ్, లైక్లీ, ప్రాబబ్లీ, పర్హాప్స్ అంటూ వరస సాగుతుంది. పరిశోధన పత్రం రాయడం నేర్చుకునే విద్యార్థికి మొదట చెప్పేది కూడా వీటి గురించే: గట్టిగా అనకు, మెత్తగా అను. మెత్తదనాన్ని నేను తప్పుపట్టను. కానీ మెత్తగా అన్నంత మాత్రాన నిజాయితీగా అన్నట్టు కాదన్నది నా వాదన. భవిష్యత్తు గురించి రాసినవాడు గడువు దాటాక పాఠకుడికి దొరకాలి. ఎంత అవకాశం ఉందన్నాడు, ఎప్పటిలోగా అన్నాడు, ఏ ఆధారంతో అన్నాడు అన్నవి చూసి ‘మీ అంచనా నిలిచింది’ అనో ‘తప్పింది’ అనో చెప్పే వీలుండాలి. ‘మైట్’ అని రాసి ఊరుకుంటే ఆ వీలు ఉండదు. సంగతి జరిగినా ఆ వాక్యం నిలుస్తుంది, జరగకపోయినా నిలుస్తుంది. ఫిలిప్ టెట్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు ఇరవై ఏళ్ల పాటు 284 మంది రాజకీయ, ఆర్థిక నిపుణుల జోస్యాలను పోగుచేసి, 2005లో ఆ ఫలితాలను పుస్తకంగా తెచ్చాడు. లెక్క తేల్చడానికి ఆయన ఆ నిపుణుల చేత మాటలకు బదులు సంభావ్యతలు చెప్పించాల్సి వచ్చింది. అలా చెప్పించాకే వాళ్ల అంచనాలు ఎంత బలహీనమైనవో బయటపడింది.

ఇదంతా భాషా పండితుల సూక్ష్మచర్చ అనుకునేవారు 1961 ఏప్రిల్ గుర్తు చేసుకోవాలి. క్యూబా మీదికి ప్రవాసుల దళాన్ని దించే పథకాన్ని పరిశీలించి, అమెరికా సైనికాధిపతులు కెనడీ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. విజయానికి ‘ఫెయిర్ ఛాన్స్’ ఉందని అందులో ఉంది. ఆ పరిశీలనకు నాయకత్వం వహించిన జనరల్ డేవిడ్ గ్రే, తమ ఉద్దేశంలో గెలుపు అవకాశం 30 శాతమేనని తరవాత చెప్పాడు. చదివినవాళ్లకు ఆ మాట అలా వినిపించలేదు. 70 పాళ్లు ఓడిపోతామని రాసి ఉంటే అధ్యక్షుడు ఆగేవాడా? అది ఎవరూ చెప్పలేరు. కనీసం తెలిసి నిర్ణయించేవాడు. పిగ్స్ అఖాతంలో దిగిన సుమారు 1,400 మందిలో వంద మందికి పైగా చనిపోయారు, పదకొండు వందల మందికి పైగా బందీలయ్యారు. మూడు రోజుల్లో అంతా ముగిసింది.

కెంట్ 1964లో ఒక వ్యాసం రాసి, ఏ మాటకు ఎంత శాతమో పట్టిక ఇచ్చాడు. ‘ప్రాబబుల్’ అంటే 75, అటూ ఇటూ 12. ‘ఆల్మోస్ట్ సర్టెన్’ అంటే 93, అటూ ఇటూ 6. తన సంస్థలోనే చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. అలాంటివారిని ఆయన కవులు అన్నాడు, తనలాంటి వారిని గణితజ్ఞులు అన్నాడు. అరవై ఏళ్లు దాటాక పట్టికలైతే వచ్చాయి గానీ అవి ఒకదానితో ఒకటి కలవవు. ‘లైక్లీ’ అన్న ఒక్క మాటనే తీసుకోండి. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం ఐపీసీసీ నివేదికలో దాని అర్థం 66 శాతానికి పైన. అమెరికా గూఢచార సంస్థల నియమావళిలో 55 నుంచి 80. మన వాతావరణ శాఖ, ఐఎండీ, ఇంగ్లిష్ బులెటిన్‌లో 25 నుంచి 50. అంటే ఐఎండీ ‘లైక్లీ’ అన్నప్పుడు వాన పడకపోవడానికే ఎక్కువ వీలుంది! పట్టిక చూడకుండా ఆ మాటను నమ్మిన పాఠకుడు మోసపోయినట్టే. అతన్ని మోసం చేయాలని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మాటను అంకెతో కట్టే పనిలో అందరికంటే ముందున్నది వాతావరణ శాస్త్రజ్ఞులే. 1906లోనే పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎర్నెస్ట్ కుక్ అనే ఆయన తన ప్రతి సూచన పక్కనా, దానిమీద తనకెంత నమ్మకమో ఒకటి నుంచి అయిదు వరకు అంకె వేశాడు. 1950లో అమెరికాకు చెందిన గ్లెన్ బ్రయర్ ఇలాంటి సూచనలకు మార్కులు వేసే సూత్రం కనిపెట్టాడు. 1960ల నడిమి నుంచి ఆ దేశంలో వాన సూచన శాతాల్లోనే చెబుతున్నారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, నిర్ణయాన్ని అది పాఠకుడి చేతికి ఇవ్వడం. గుంటూరు ప్రాంతంలో కల్లంలో మిర్చి ఆరబోసిన రైతుకు 30 శాతం చాలు, పట్టాలు తెచ్చి కప్పేస్తాడు. బజారుకు వెళ్లేవాడికి అదే 30 శాతం లెక్కలోకి రాదు. ఇద్దరి నష్టం ఒకటి కాదు కాబట్టి ఇద్దరి గీతా ఒక చోట ఉండదు. ‘వానలు పడొచ్చు’ అన్న మాట ఇద్దరికీ ఒకే సలహా ఇస్తుంది, ఎవరికీ సరిగ్గా ఉపయోగపడదు.

తెలియని సంగతికి అంకె తగిలించడం తెలిసినట్టు నటించడం కాదా అన్న అభ్యంతరం ఉంది. తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. 63.4 శాతం అని రాసేవాడిని నేనూ నమ్మను. కానీ తెలియనితనాన్ని చెప్పడానికీ అంకెకు దారి ఉంది: 30 నుంచి 70 మధ్య అని రాస్తే, నాకు పెద్దగా తెలియదని ఒప్పుకున్నట్టే. ఐపీసీసీ రెండు విషయాలను విడదీసి చెబుతుంది. జరిగే అవకాశం ఎంత అన్నది ఒకటి, ఆధారాలు ఎంత గట్టివి, శాస్త్రజ్ఞుల మధ్య ఎంత ఏకీభావం ఉంది అన్నది రెండోది. ఈ క్రమశిక్షణ ఇచ్చిన ఫలం చూడండి. ఇటీవలి వేడిమికి ఎక్కువ భాగం మనిషే కారణమన్న మాట 2001లో ‘లైక్లీ’ దగ్గర ఉంది. 2007లో 90 శాతం దాటింది, 2013లో 95 దాటింది. 2021కి వచ్చేసరికి మనిషి వల్ల భూమి వేడెక్కిందన్న సంగతిలో సందేహానికి తావే లేదని రాశారు. మొదట్లో తొందరపడి గట్టిగా అనలేదు కాబట్టే చివరి మాటకు ఆ బరువు వచ్చింది.

పాఠకులు అంకెలు పట్టించుకోరన్నది మరో మాట. డేవిడ్ బుడెస్కూ బృందం 24 దేశాల్లో మామూలు జనానికి ఐపీసీసీ వాక్యాలు చూపించి అడిగింది. సంఘం చెప్పదలచిన దానికంటే జనం 50 శాతానికి దగ్గరగా జరిపి అర్థం చేసుకున్నారు. అయితే మాట పక్కనే అంకె కూడా వేసి చూపిస్తే ఆ తేడా తగ్గింది. అంటే పట్టికను ఎక్కడో అనుబంధంలో పెడితే సరిపోదు, వాక్యంలోనే ఉండాలి. పై అధికారికి చేరేలోగా సందేహాలు రాలిపోతాయన్న భయమూ నిజమే. ఇరాక్ ఆయుధాలపై 2002లో బ్రిటన్ ప్రచురించిన పత్రంలో, గూఢచార అంచనాల్లోని హెచ్చరికలు తగినంత స్పష్టంగా కనపడలేదని 2004లో బట్లర్ విచారణ తేల్చింది. విడిగా ఒక పేరాలో ఉన్న సందేహాన్ని కత్తిరించడం సులువు. వాక్యంలో కలిసిపోయిన అంకెను తీసేయాలంటే వాక్యమే మార్చాలి, ఆ మార్పు బయటపడుతుంది.

అన్ని చోట్లా అంకె వేయలేం, ఒప్పుకుంటాను. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం గురించి రాసిన పేజీ పైచిలుకు వ్యాసంలో, జన్యు పదార్థం ఎలా నకలు తీసుకుంటుందో తమకు తట్టిందని ఒకే వాక్యంలో సూచించి వదిలేశారు. క్రిక్ ఇంకా చెబుదామన్నాడు, తప్పవుతుందేమోనని వాట్సన్ జంకాడు. ఆ వాక్యం వాళ్లిద్దరి మధ్య రాజీ. అక్కడ శాతం వేయడం అర్థంలేని పని. కానీ వాళ్లు దానిమీదే ఆగిపోలేదు. అయిదు వారాల్లో రెండో వ్యాసంలో ఆ పద్ధతి ఏమిటో విప్పి చెప్పారు, ఇతరులు పరీక్షించడానికి వీలిచ్చారు. 1958లో మెసెల్సన్, స్టాల్ ప్రయోగం చేసి దాన్ని నిర్ధారించారు.

మన పత్రికల డెస్కుల్లో పనిచేసే మిత్రులకు ఒక మనవి. ఐఎండీ అఖిల భారత బులెటిన్‌లో ఏ మాటకు ఎంత శాతమో చెప్పే పట్టిక ఉంటుంది. ‘అక్కడక్కడా వర్షాలు కురిసే అవకాశం ఉంది’ అని రాసేటప్పుడు ఆ శాతాన్ని కూడా పక్కనే వేయండి. అందుకు అదనంగా పట్టేది రెండు మాటల చోటే.