అణువు ఆనవాలు పట్టే పనితనం
నిషిద్ధమైన మత్తుమందు అణువులో చిన్న భాగాన్ని మార్చో, దానిలాగే పనిచేసే వేరే అణువును రూపొందించో, మత్తు తగ్గకుండా, చట్టానికి చిక్కకుండా తయారుచేసే కృత్రిమ పదార్థాలను డిజైనర్ డ్రగ్స్ అంటారు. పొట్లంలో ఉన్నదేమిటో, ఎంత మోతాదో వాడేవారికి తెలియకపోవడమే వీటిలోని పెద్ద ప్రమాదం. జర్మనీలో ‘స్పైస్’ పేరుతో అమ్ముడైన మూలికల పొట్లాల్లో, అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ పరిశోధన కోసం రూపొందించిన, గంజాయిలా పనిచేసే జేడబ్ల్యూహెచ్-018 ఉన్నట్లు 2008లో గుర్తించినవారు రసాయన విశ్లేషకులే. గంజాయి ఆనవాళ్లను వెదికే సాధారణ మూత్రపరీక్షకు అది దొరకదు కనుక, నమూనాలోని పదార్థాలను వాయుప్రవాహంలో వేరుచేసే గ్యాస్ క్రోమటోగ్రఫీకి, అణువులను ముక్కలుచేసి ఆ శకలాల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీని జోడించి విశ్లేషకులు దాని ఆచూకీ తీస్తారు. పోల్చిచూడటానికి ప్రామాణిక నమూనా లేనప్పుడు తొందరపడి పేరు పెట్టని ఓర్పే ఈ వృత్తికి వన్నె. వైద్యుడి చికిత్సకైనా, న్యాయస్థానపు తీర్పుకైనా ఆ ఓర్పే ఆధారం.