హార్స్ పక్కన బీసీఎస్: పాత టిల్లర్ల బేరం

అమెరికాలో పెరటి తోట వేసే మనవాళ్లు గోంగూర, బీర, సొర కోసం మొదట పార పడతారు; నడుం పట్టేశాక టిల్లర్ వెతుకుతారు. బ్లేడ్లు చక్రాలకు వెనకుండే రకమే కొనాలన్న దాంట్లో నాకు అనుమానం లేదు. ముందుండే రకం గట్టి నేల మీద ఎగిరెగిరి పడుతూ మనిషిని ఈడ్చుకుపోతుంది. ఏ పాత బండి కొనాలన్న దగ్గరే చర్చంతా. నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే: న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్ పట్నంలో గార్డెన్ వే సంస్థ తయారుచేసిన ట్రాయ్-బిల్ట్ హార్స్, ఇటలీ వాళ్ల బీసీఎస్.

హార్స్ ముఖ్యంగా దున్నడానికి చేసిన బండి. ఆ పనికి తగ్గట్టే పోత ఇనుముతో గేర్‌బాక్స్ చేసి, లోపల ఉక్కు వార్మ్‌తో తిరిగే కంచు గేర్లు పెట్టారు. ఇంజిన్ నుంచి అక్కడిదాకా మాత్రం బెల్టే. పెద్ద వేగం, చిన్న వేగం మార్చాలంటే ఇంజిన్ ఆపి, బెల్టును చేత్తో ఒక గాడి నుంచి ఇంకో గాడికి వేయాలి. ఈ మొరటుతనం నాకు నచ్చుతుంది. వేరో రాయో అడ్డుపడితే బెల్టు జారుతుంది, గేరు పళ్లు బతుకుతాయి.

బీసీఎస్ వంశమే వేరు. 1943లో మిలాన్ దగ్గరి అబ్బియాతెగ్రాస్సోలో, గడ్డి కోసే యంత్రంతో మొదలైన సంస్థ అది. వాళ్ల దృష్టిలో బండి అంటే రెండు చక్రాల ట్రాక్టరు. టిల్లర్ దానికి తగిలించే పనిముట్లలో ఒకటి. అది విప్పి గడ్డి కోసే బారో, మంచు ఎత్తిపోసే యంత్రమో పెట్టుకోవచ్చు. హ్యాండిల్‌ను పూర్తిగా అటువైపు తిప్పేయొచ్చు. బెల్టు ఊసే లేదు, క్లచ్చూ గేర్లూ. మన వరి పొలాల పవర్ టిల్లర్‌కు ఇది దగ్గరి చుట్టం. పనితనంలో హార్స్ కంటే నాజూకు, ఒప్పుకోవాల్సిందే. ధర మాత్రం సెకండ్‌హ్యాండ్‌లోనూ హార్స్‌కు కొన్ని రెట్లు.

బేరం దగ్గర అందరూ ఇంజిన్ చుట్టూ తిరుగుతారు: ఒక్క లాగుడుకే స్టార్టయిందా, పొగ ఏ రంగు అని. హార్స్ విషయంలో అది రెండో సంగతి. చాలా పాత హార్స్‌లకున్న టెకుమ్సే ఇంజిన్ల కంపెనీ 2008లో ఇంజిన్ల తయారీ మానేసింది. ఇంజిన్ పోతే హార్బర్ ఫ్రైట్‌లో దొరికే ప్రెడటార్ లాంటిది బిగించుకుంటున్నారు. గేర్‌బాక్స్ పోతే ఇక మిగిలేది తుక్కే. కాబట్టి గేర్‌బాక్స్ ప్లగ్గు విప్పి, ఆయిల్‌ను వేలికి అంటించుకుని ఎండలో చూడండి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. బంగారు పొడిలా మెరిస్తే అది కంచు గేరు అరుగుదల. తర్వాత ఇంజిన్ ఆపి ఉండగానే చక్రాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ కుదపండి. ప్లే మరీ ఎక్కువైతే ఆ మెరుపు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. సీలు దగ్గర కాస్త ఆయిల్ చెమర్చడం ఈ వయసులో మామూలే, అది వంకగా పెట్టుకుని బేరం తగ్గించుకోవచ్చు. ఏ ఆయిల్ పోశారని కూడా అడగండి. జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌లోని గంధకపు కలుపులు కంచుకు పడవు.

బీసీఎస్‌కు పరీక్ష వేరు. బ్లేడ్లు నేలలో దిగి బరువు పడ్డప్పుడు గేరు దానంతటది జారుతోందా, పనిముట్టు తగిలించే చోట పళ్లు అరిగాయా చూడాలి. వెంట పనిముట్లేవీ ఇవ్వకపోతే ఆ ధరకు అర్థం లేదు.

ఇంకో మాట. 2001లో గార్డెన్ వే దివాలా తీసింది, ట్రాయ్-బిల్ట్ పేరు ఎంటీడీ కంపెనీకి పోయింది. నేను మెచ్చుకుంటున్నది అంతకు ముందరి హార్స్‌ను. పేరు చూసి తర్వాతి కాలం బండికి పాత హార్స్ ధర పెట్టకండి.

గడ్డీ మంచూ కూడా మీ నెత్తినే ఉండి, ఎకరానికి తగ్గని జాగా ఉంటే బీసీఎస్ కొనండి. పెరడు దున్నుకోవడానికే అయితే అది డాబు, హార్స్ చాలు. అమ్మేవాడు గేర్‌బాక్స్ ప్లగ్గు విప్పనివ్వకపోతే మాత్రం, అది ఏ బండైనా సరే, బేరం వదిలేసి వచ్చేయండి.