విరుపు తెలిసిన గొంతు

పద్యం నాలుగో పాదం చివరికొచ్చి, నటుడు ఆఖరి అక్షరం మీద 'ఆ...' అంటూ రాగం ఎత్తుకోగానే పిల్లలకు నవ్వొస్తుంది. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన చాలామందికి పౌరాణిక నాటకం మొదట పరిచయమైంది ఆ నవ్వుతోనే. శ్రీరామనవమి పందిట్లో తాతలు ముందు వరసలో కూర్చుని 'వన్స్ మోర్' అని కేకలు పెడుతుంటే, వెనక చాపల మీద మనవలు నిద్రపోయేవారు. మెలకువగా ఉన్నవాళ్లు ఆ రాగాన్ని వెక్కిరిస్తూ ఇంకో రాగం తీసేవారు. ఆ మనవలే ఇప్పుడు యాభై దాటాక రంగస్థల నటుడు పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడిగా పాడిన పద్యాన్ని ఫోన్లో పెట్టుకుని, మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి వింటున్నారు. గుడివాడలో, పామర్రులో, బెజవాడ గాంధీనగర్‌లో ఇలాంటివాళ్లు నాకు చాలామంది తెలుసు. వయసు మీద పడ్డాక పాతదంతా ముద్దొస్తుందిలే అని దీన్ని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆ పద్యంలో గట్టి పనితనం ఉంది. అది చెవికి పట్టడానికి కొన్నేళ్లు పడుతుంది, అంతే.

చిన్నచూపు చూసింది పిల్లలొక్కరే అయితే ఫరవాలేదు. కచేరీ విద్వాంసులకు ఇది డ్రామా సంగీతం. ధార్వాడ, పార్సీ నాటక సమాజాల ప్రభావంతో మన రంగస్థలం మీదికి వచ్చిన బాణీల్లో కర్ణాటక రాగమూ హిందుస్తానీ పోకడా కలిసిపోయాయి. ఆ కలగలుపు వాళ్లకు రుచించలేదు. సాహిత్య పండితులకేమో రాగం కింద పద్యం నలిగిపోతోందన్న బాధ. 1943లో వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి పుట్టి, కొన్నాళ్లకు సుంకర, వాసిరెడ్డిల 'మా భూమి' ఊరూరా తిరిగాక, కిరీటాలూ గదలూ పద్యాలూ కాలం చెల్లిన సరుకుగా కనిపించాయి. ఆ పైన కాంట్రాక్టు నాటకాలొకటి. పేరున్న నటుల్ని పోగేసి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దింపేవారు. పడకసీను ఒకటో కృష్ణుడిది, రాయబారం రెండో కృష్ణుడిది. ఎవరి రాగం పొడుగైతే వారికి చప్పట్లు. పాత్రను అలా ముక్కలు చేశాక దాని మనసు ఎక్కడ నిలుస్తుంది? ఆ విమర్శ న్యాయమైనదే. అయితే అది నాటకం కట్టిన తీరు మీద విమర్శ. పద్యం పాడే విద్య దానికి ఎదురు నిలబడగలదు.

ఆ విద్యలో మొదటి సంగతి, నాటక పద్యానికి తాళం లేదు. పాటలో తప్పటడుగు వేయబోయినా తాళం పట్టుకుని నిలబెడుతుంది. పద్యంలో ఆ ఆసరా లేదు. ఛందస్సు ఉంది కదా అంటారేమో. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, 13వది యతిస్థానం. ఉత్పలమాలలో 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. మత్తేభానికీ 20 అక్షరాలే, యతి మాత్రం 14వ చోట. అయితే సంస్కృతంలోలా మన యతి ఆగే చోటు కాదు, మొదటి అక్షరంతో మైత్రి కుదిరే చోటు. మాట ఆ అక్షరం మీదుగా నిశ్చింతగా సాగిపోవచ్చు. పాదం చివర కూడా ఆగాలని లేదు, సగం మాట కింది పాదంలోకి జారిపోతుంది. అంటే ఎక్కడ ఆగాలో పద్యం చెప్పదు. అన్వయం చేసుకుని నటుడే తేల్చుకోవాలి. ప్రతి పాదం చివరా ఊపిరి తీసుకునేవాడు ఎక్కాలు అప్పజెప్పే బడిపిల్లవాడిలా ఉంటాడు. తెలిసినవాడు గుక్క ఎక్కడ తిప్పుకోవాలో ముందే లెక్క కట్టుకుని, సమాసాన్ని విరగనీయకుండా దాటించి, క్రియాపదం దగ్గర నిలబడతాడు. దీన్నే విరుపు అంటారు. గొంతు దేవుడిచ్చేది. విరుపు చదువుకుంటే వచ్చేది.

సీసం నడక వేరు. ఒక్కో పాదం రెండు ముక్కలుగా సాగుతూ ఒక వరసలో విషయాలు చెప్పుకుపోతుంది. కింద తేటగీతో ఆటవెలదో వచ్చి అసలు మాట తేలుస్తుంది. మంచి నటుడు సీసమంతా గొంతు దాచుకుని పాడి, గీతిలో విప్పుతాడు.

ఒక్క పద్యం దగ్గర కాసేపు ఆగుదాం. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పి, విశ్వనాథ సత్యనారాయణ వంటి శిష్యుణ్ణి తీర్చిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, ఆయన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి, ఈ ఇద్దరూ రాసిన పాండవోద్యోగ విజయాలు డెల్టాలో చదువురానివారి నోట కూడా నిలిచాయి. అందులో పడకసీను. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడూ అర్జునుడూ ద్వారకకు వస్తారు. కృష్ణుడు దొంగనిద్ర చాలించి లేచి, దుర్యోధనుణ్ణి బావా అని పిలిచి కుశలం అడుగుతాడు. పద్యం శార్దూలం. శార్దూలం మూడు గురువులతో మొదలవుతుంది కాబట్టి ఆ పిలుపును సాగదీయడానికి ఛందస్సే చోటిస్తుంది. ఎప్పుడొచ్చావన్న ప్రశ్న, సుఖమేనా అన్న ప్రశ్న త్వరత్వరగా పడి, సరిగ్గా 13వ అక్షరం మీద తమ్ముళ్ల ప్రస్తావన మొదలవుతుంది. యతీ అర్థమూ ఒకే చోట కలిశాయి. అక్కడ ఒక్క లిప్త గొంతు ఆపితే చాలు, కుశలప్రశ్న జాబితా అయిపోతుంది. తమ్ముళ్లు, కొడుకులు, చుట్టాలు. ఆపైన కర్ణుడు, సామంతులు, వంశం బాగు కోరే భీష్ముడు, మేలు కోరే ద్రోణుడు.

చిన్నప్పుడు వింటే ఇది మర్యాద పద్యం. కాస్త ఎదిగాక అందులోని వెటకారం తెలుస్తుంది. పెద్దయ్యాక ఇంకొకటి వినిపిస్తుంది. పేరు పెట్టి అడిగిన కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు ముగ్గురూ ఆ యుద్ధంలోనే పడిపోతారు. తమ్ముళ్లూ కొడుకులూ మిగలరు. అడుగుతున్నవాడికి ఆ సంగతి తెలుసు, జవాబు చెప్పాల్సినవాడికి తెలియదు. 'ఇంట్లో అందరూ బాగున్నారా' అని ఎవరో మామూలుగా అడిగితే ఏం చెప్పాలో తోచక తడబడే వయసు ఒకటి వస్తుంది. ఆ వయసులో ఈ పద్యం వినండి. నటుడు మోహనలో పాడాడా ఇంకో రాగంలో పాడాడా అన్నది వెనక్కి పోతుంది. ఏ పేరు దగ్గర గొంతు బరువెక్కించాడన్నదే చెవిలో నిలుస్తుంది.

మరి ఆ చివరి రాగం సంగతి? దానికి పుట్టుకలో ఒక అవసరం ఉంది. మైకులు లేని రోజుల్లో, నూర్పిళ్లయిన పొలంలో రాత్రంతా ఆడే నాటకంలో, ఆఖరి వరసలో బండి మీద కూర్చున్నవాడికి కూడా అందాలంటే గొంతు పైశ్రుతిలో మోగాలి. రెండో అవసరం నాటకానిది. రాగం నడుస్తున్నంతసేపూ మనం పాడేవాణ్ణి చూస్తాం గానీ, చూడాల్సింది ఎదుటి పాత్రను. కృష్ణుడి రాగం సాగుతుండగా దుర్యోధనుడి ముఖంలో గర్వం, అనుమానం, మళ్లీ గర్వం మారడానికి ఆ నిమిషమే వ్యవధి. హార్మోనిస్టు కూడా అప్పుడే తన పని చూపిస్తాడు. నటుడు వదిలిన స్వరాన్ని అందుకుని, అతను ఊపిరి పీల్చుకునేలోగా శ్రుతి చల్లారకుండా నిలబెడతాడు. ఎదుటి నటుడు రాయిలా నిలబడి, పాడేవాడు చప్పట్ల కోసం మరో చుట్టు తిప్పితే అది వ్యర్థమే, ఒప్పుకోవాల్సిందే.

మైకు వచ్చాక ఆ మొదటి అవసరం సన్నగిల్లింది. 1948 డిసెంబర్ 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలై నాటకం ఇంట్లోకి వచ్చాక వేషం లేదు, గద లేదు, గొంతొక్కటే మిగిలింది. అక్కడ మాట స్పష్టంగా లేకపోతే ఏమీ లేనట్టే. ఏలూరులో వకీలుగా ఉంటూ నాటకాలాడిన ఆటపాకకు చెందిన బందా కనకలింగేశ్వరరావు భావానికే పెద్దపీట వేశారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తెలుగునాట అందరికీ కృష్ణుడైపోయిన పీసపాటి నరసింహమూర్తి రాగాన్ని కుదించి, మాటను మాటగా పలికారు. నా మొగ్గు ఆ వైపే. అలాగని షణ్ముఖి ఆంజనేయరాజు పాడుతుంటే రాగం తగ్గించమని అడగడానికి నాకు నోరు రాదు.

డెల్టా పిల్లల్ని మళ్లీ పద్యం దగ్గరికి చేర్చింది మాత్రం ఘంటసాలే అని నా నమ్మకం. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరంలో శాస్త్రం నేర్చిన మనిషి ఆయన. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలకు మించి నడవదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలను ఆయన ఆ ఇరుకులో ఎలా పాడారో గమనించండి. పద్యం ముందు అర్థమవుతుంది. ఆ తర్వాత, అర్థానికి సరిపడా, రెండు మూడు సంగతుల్లో రాగం వచ్చి వెళ్లిపోతుంది. సినిమా పాట వినే చెవికి ఇది కొత్తగా అనిపించదు. ఆ మెట్టు ఎక్కినవాళ్లే తర్వాత రంగస్థల పద్యం దాకా వెళ్లారు.

వెళ్లినవాళ్లలో చాలామంది చివరికి చేరేది కాటిసీను దగ్గరికి. 'హరిశ్చంద్ర' నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. అందులో కాటికాపరి పాడే పద్యాల్లో జనం నోట బాగా నిలిచినవి మాత్రం గుర్రం జాషువావి. ఆయన శ్మశానం మీద రాసిన ఖండికను నటులు తమంతట తాము తెచ్చి నాటకంలో కలిపేసుకున్నారు. ఊరు అంటరానివాడన్న కవి మాటలను, అన్నీ పోగొట్టుకున్న రాజు నోట ఆ ఊరే 'వన్స్ మోర్' అని పాడించుకుంది. రాజూ బిచ్చగాడూ పక్కపక్కనే బూడిదయ్యే చోటును గురించిన ఆ పద్యాలు ఇరవై ఏళ్ల వయసులో భయపెడతాయి, లేదా విసుగు పుట్టిస్తాయి. కృష్ణ ఒడ్డున ఒకరిద్దరికి కర్మకాండ చేసి వచ్చిన మనిషికి అవి తన మాటల్లాగే ఉంటాయి. ఇక్కడ పొడుగు రాగం ఎవరికీ బరువనిపించదు. డి.వి.సుబ్బారావు హరిశ్చంద్రుడు రాగం తీస్తుంటే జనం గడియారం చూసుకోరు.

కొత్తగా వినాలనుకునేవారికి నేను చెప్పే పద్ధతి ఒకటుంది. నాటకానికి వెళ్లే ముందు, అది బెజవాడ హనుమంతరాయ గ్రంథాలయంలో అయినా తుమ్మలపల్లి కళాక్షేత్రంలో అయినా, పడకసీనులో పద్యం ఒకటి పుస్తకంలో చదువుకోండి. అన్వయం చేసుకుని, మీరైతే ఎక్కడ ఆగుతారో పెన్సిలుతో గీత పెట్టుకోండి. తర్వాత అదే పద్యాన్ని పీసపాటి గొంతులో ఒకసారి, షణ్ముఖి గొంతులో ఒకసారి వినండి. మీ గీత దగ్గర ఆగకుండా దాటిపోయినాయన ఎందుకు దాటారో, మీరు గీత పెట్టని చోట ఎందుకు ఆగారో చూడండి. తేడా దొరికితే ముందు వరసలో చాప వేసుకోండి, నాటకం తెల్లారేదాకా ఉంటుంది.