మఱచిన రాజు, వెఱచిన రాజు

మాట తప్పినవానికి లోకము రెండు సాకులను సిద్ధముగ నుంచినది. మఱచితిననుట యొకటి, నలుగురేమందురోయని వెఱచితిననుట రెండవది. శకుంతల కథలో నీ రెండును గలవు. మొదటిది కాళిదాసుని దుష్యంతునకు దక్కినది. రెండవది నన్నయగారి దుష్యంతుడు చెప్పుకొన్నది.

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన మన కుటుంబములలోని పిల్లలు శకుంతల యనగనే ఉంగరమును తలతురు. వారిననవలసిన పనిలేదు. 1789లో విలియం జోన్సు ఆంగ్లానువాదము వెలువడినది మొదలు ఆ నాటకపు కీర్తి దేశదేశములకు ప్రాకినది. నన్నయ ఆదిపర్వమో, తెలుగు చదివినవారి సొత్తు. ఇంట తెలుగు సన్నగిలినచో ముందుగ చేజారునదియు నదియే.

మహాభారతమున శాపము లేదు, ఉంగరము లేదు. నాయకుని నిర్దోషిగ నిలుపుటకు కాళిదాసు 4వ అంకమున దుర్వాసుని రప్పించెను. 5వ అంకమున రాజు కాదనినను మనకు రాజుపై కోపము రాదు, జాలి కలుగును. అద్భుతమైన కల్పనయే. కాని మఱచితినను సాకునకు ఇంతటి కవిత్వము తోడైనపిమ్మట దానిని కాదనుట కష్టము. (చందా పట్టికలో పేరు వ్రాయించి పిదప వీథి మార్చి నడచు పెద్దమనుష్యులను ఎఱుగని సంఘము కలదా? వారికే ముని శాపమిచ్చెనో!)

నన్నయ ఆ యవకాశమీయలేదు. ఆదిపర్వము 4వ ఆశ్వాసమున, పుట్టబోవు కుమారునికే రాజ్యమని మాట యిచ్చి, పిలిపింతునని చెప్పి వెడలిన రాజు, కొడుకుతో వచ్చి నిలిచిన యామెను ఎఱిగియుండియే ఎఱుగననెను. శకుంతల మూర్ఛపోలేదు. ఇతరులెవ్వరు నెఱుగరను ధైర్యముతో బొంకుట ధర్మపరులకు తగునాయని నిలదీసినది. నూతులకంటె బావి, బావులకంటె యజ్ఞము, యజ్ఞములకంటె పుత్రుడు, పుత్రులకంటె సత్యవాక్యము మేలని మెట్టుమెట్టుగ చెప్పిన పద్యము తెలుగునాట నెందఱికో కంఠస్థము. అందలి సొగసును మెచ్చుకొనువారు అది పలికిన సందర్భమును తలచుట అరుదు. అది నీతిపాఠము కాదు. నిండుకొలువులో మోసపోయిన స్త్రీ వేసిన వ్యాజ్యము.

తుదకు రాజిచ్చిన సంజాయిషీ యేమి? తామిరువురు తప్ప అన్యులెఱుగని వివాహము గనుక జనాపవాదమునకు వెఱచితిననెను. ఒరులెఱుగరను నా యొక్క విషయమే శకుంతల నోట నేరారోపణము, రాజు నోట సమర్థనము! నన్నయ చూపు ఇచ్చట మిక్కిలి తీక్ష్ణమైనది. లోకమునకు వెఱచినవాడు ఇన్నేండ్లు కబురైనను పంపలేదేల? రాజు చెప్పలేదు, కవి చెప్పింపలేదు.

పుట్టిననాడు తల్లిదండ్రులు విడిచిరి, నేడు భర్త విడిచెనని తలపోయుచున్న యామెకు ఆకాశవాణి సాక్ష్యము పలికినది. రాజునకు వివాహము జ్ఞప్తికి వచ్చినది ఆ తరువాతనే.