తలుపు మూసినా ఆరని దీపం

పికప్ బండి తలుపులన్నీ గట్టిగానే వేసి ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద మాత్రం తలుపు గుర్తు ఆరదు, లోపలి లైటూ ఆరదు. విడిభాగాల కొట్టుకు వెళ్తే కొత్త స్విచ్ చేతిలో పెడతారు. ఆటోనగర్‌లో చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ మాత్రం దాని జోలికి పోడు. ముందు తలుపులు ఒక్కొక్కటే తీసి వేస్తూ దీపం వైపు చూస్తాడు. తప్పు ఎక్కడుందో తేలకుండా సామాను కొనకపోవడం ఈ పనివాళ్ల సంప్రదాయం.

లైటే కదా అని వదిలేస్తే బ్యాటరీ ఊరుకోదు. 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 0.4 ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. అలాంటివి నాలుగు వెలిగితే నిండుగా ఉన్న 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ కూడా ఒకటిన్నర రోజులో ఖాళీ. శనివారం సాయంత్రం ఆపిన బండికి సోమవారం పొద్దున సెల్ఫ్ తిరగదు.

పాత బండ్లలో తలుపు చట్రానికి స్ప్రింగు పిన్ను ఉంటుంది. దానికి వచ్చేది ఒకే వైరు. రెండో దారి బండి బాడీయే. తలుపు తీస్తే పిన్ను బయటికొచ్చి వైరును ఎర్త్‌కి కలుపుతుంది, లైటు వెలుగుతుంది. అందుకే పరీక్షా సులువే. పిన్నును వేలితో లోపలికంటా నొక్కితే లైటు ఆరిందా, స్విచ్‌లో దోషం లేదు. పిన్ను మీది రబ్బరు అరిగిందో, తలుపే కీలు దగ్గర కిందికి దిగిందో చూడాలి. రోజంతా తలుపు పట్టుకుని ఎక్కి దిగే డ్రైవరు వైపు ఇది మామూలే. నొక్కినా ఆరకపోతే వైరు ఊడదీస్తారు. అప్పుడు ఆరితే స్విచ్ పోయింది. అప్పటికీ వెలుగుతుంటే వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. లైటు అసలు వెలగకపోతే ఊడదీసిన వైరును శుభ్రమైన ఇనుముకు తాకిస్తారు. వెలిగిందంటే స్విచ్‌నో, దాన్ని పట్టిన స్క్రూ కింద పేరుకున్న తుప్పునో అనుమానించాలి.

ఫోర్డ్ ఎఫ్-150 లాంటి అమెరికన్ పికప్‌లలో స్విచ్ తలుపు లాచ్‌లోపలే దాక్కుంటుంది. అక్కడ ఇంకో చిట్కా. తలుపు తీసి ఉండగానే లాచ్ కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థానానికి తిప్పి దీపం చూస్తారు. తర్వాత హ్యాండిల్ లాగి కొక్కేన్ని విడిపించాకే తలుపు వేయాలి. మరిచిపోతే అది చట్రానికున్న కడ్డీకి కొట్టుకుని దెబ్బతింటుంది. లాచ్‌లో గ్రీజు ఎండి స్విచ్ ఇరుక్కుపోవడం తరచూ చూసేదే. స్ప్రే కొడితే కదులుతుంది, కానీ ఉన్న కాస్త గ్రీజూ కరిగిపోతుంది. స్ప్రే కొట్టి డబ్బు తీసుకుని పంపేవాడు సగం పనే చేసినట్టు. కొత్త గ్రీజు పట్టించాల్సిందే.

అసలు ఓపిక పరీక్ష వైర్ల దగ్గర. తలుపుకీ చట్రానికీ మధ్య రబ్బరు గొట్టంలోంచి పోయే వైర్లు, తలుపు తీసిన ప్రతిసారీ ఒకేచోట వంగుతాయి. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు మాత్రం ఒక్కొక్కటే తెగుతుంటాయి. తలుపు సగం తీసినప్పుడు దీపం మిణుకుమంటే చేయి నేరుగా అక్కడికే పోవాలి. గొట్టం వెనక్కి జరిపి ఒక్కో వైరునూ మెల్లగా లాగి చూస్తారు. రాగి తెగిన చోట తొడుగు రబ్బరులా సాగుతుంది. ఈ పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు, వేళ్లు చాలు.

అతుకు వంగే చోట వేయకూడదు. టంకం పట్టిన వైరు బిరుసెక్కి పక్కనే మళ్లీ తెగుతుంది. సన్నపోగుల వైరు కొంత పొడవు తీసుకుని, తలుపులోపల ఒక అతుకు, చట్రంలోపల ఒక అతుకు పడేలా చూస్తారు. నాలుగైదు వైర్లు అతకాల్సి వస్తే అతుకులన్నీ ఒకేచోట గుంపుగా పడకుండా ముందువెనకలుగా వేస్తారు, లేకపోతే కట్ట లావై గొట్టంలో దూరదు.

తలుపు సంగతి కంప్యూటర్‌కు చెప్పే బండ్లలో బల్బున్న టెస్ట్ లాంప్ పక్కన పెట్టాలి. అది లాగే కరెంటుకు ఆ కంప్యూటర్ మాడ్యూల్ దెబ్బతినవచ్చు. అక్కడ మల్టీమీటరే మేలు, ముందు వైరింగ్ బొమ్మ చూడడం ఇంకా మేలు. కొన్ని స్విచ్‌లు తలుపు మూస్తే కలుస్తాయి, కొన్ని తీస్తే కలుస్తాయి. అది తెలియకుండా వైరు ఊడదీస్తే తప్పు సమాధానం వస్తుంది.

పని అయ్యాక తలుపు లోపలి ప్యానెల్ వెంటనే బిగించరు. ఒకరు తలుపు తీసి వేస్తుంటే, సగంలో ఆపి ఊపుతుంటే, ఇంకొకరు లోపల కూర్చుని దీపం మీద కన్నేసి ఉంచుతారు. ఒక్కసారి మిణుకుమన్నా గొట్టం మళ్లీ వెనక్కి జరపాల్సిందే.